మూడుకీ నాలుగుకీ నడుమ

ఏడు నెలలైంది.
చిక్కడపల్లి గల్లీలో, జిరాక్స్ దుకాణం మీద మా ఆఫీసు.
లిఫ్టులు బాగుచేసే కంపెనీకి లిఫ్టు లేదు,
ఇరవైరెండు మెట్లు.
హాజరు పుస్తకంలో ఓదెలు అనే ఉంటుంది.
పిలుపులో మాత్రం ఇంకా కొత్త పిల్లగాణ్ణే.
నా తర్వాత వచ్చిన ఫ్యానుని కూడా
ఈ మధ్య ఎవరూ కొత్తది అనడం లేదు.

సోమవారం పొద్దున మీటింగు.
కుర్చీలు ఆరు, మనుషులం ఏడుగురం.
నేను పాత బ్యాటరీ డబ్బా మీద.

"హిమాయత్‌నగర్ బిల్డింగుల సప్పుడొస్తుంది సార్,
మూడు దాటినంక, నాలుగు రాకముందు.
చిన్నదే. గోరుతోటి పలక గీకినట్టు..."
అంతవరకే.
సత్యమూర్తి సారు నా మాట మీదుగా చెయ్యి చాపి
సమోసా పొట్లం అందుకున్నాడు.
"ముందు నువ్వు గ్రీజు డబ్బాలు లెక్కపెట్టుపో."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
అదే నాకు ఇంకా మండుతుంది.
లెక్కపెట్టాను కూడా. పదకొండు.
ఎన్ని అని ఎవరూ అడగలేదు.

నేను గిర్నిలో పెరిగినవాణ్ణి.
అమ్మ పిండి పడుతుంటే బస్తాల మీద పడుకునేవాణ్ణి,
బెల్టు వదులైతే నిద్రలోనే తెలిసేది.
ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి, రాయి అరిగిందమ్మా అన్నాను.
అమ్మ నా మొహం చూసింది,
గిర్ని ఆపింది, రాయి విప్పింది.
జొన్నలు తెచ్చినవాళ్లంతా ఎండలో నిలబడ్డారు
ఒక పిల్లగాడి మాటకి.

ఇక్కడ రెండో సోమవారం కాగితం మీద రాసిచ్చాను.
మూడోనాడు మిర్చిబజ్జీ కింద కనిపించింది,
నా చేతిరాతలోంచి నూనె కారుతూ.
గైడ్ షూ అన్న మాట ఒక్కటే
ఇంకా చదవొస్తోంది.

మళ్లీ వెళ్లి ఒక్కణ్ణే ఎక్కాను, దిగాను.
పధ్నాలుగు సార్లు.
సప్పుడు లేదు.
వాళ్లదే నిజమేమో అనుకున్నాను,
చెవికీ మనిషికీ మధ్య ఏదో వదులైందేమో.
మాటలన్నీ నాకు ముషీరాబాద్ గదికి చేరాకే వస్తాయి,
స్నానం చేస్తూ ఎంత బాగా చెప్తానో.
బకెట్టు ఒక్కసారీ అడ్డు తగల్లేదు.

గురువారం మళ్లీ ఆ బిల్డింగుకే,
బటన్లు తుడవమని.
రెండో మెట్ల మలుపులో ఒకామె ఆగి ఉంది,
చేతిలో చీపురు, గోడకి చెవి.
"నీక్కూడా వినొస్తుందా?"
ఉలిక్కిపడింది. కిందికీ పైకీ చూసింది.
"మమ్ముల లిఫ్టు ఎక్కనియ్యరు గద సారూ,
నాలుగిండ్ల పని, మెట్లే మాకు.
గోడలకెల్లి వినొస్తది.
ఒక్కలు పోతె రాదు.
నలుగురెక్కితె వస్తది, పైకి పోయేటప్పుడే.
వాచ్‌మన్‌కు చెప్పిన,
నీ పని నువ్వు చూస్కో అన్నడు."

సారూ అన్నది, సరే.
నా దగ్గర లేని సగాన్ని ఇచ్చింది.
మొదటి రోజు నాతో పాటు ముగ్గురు ఎక్కారు,
సొరకాయల సంచితో ఒకాయన, ఇద్దరు బడిపిల్లలు.
ఆ బరువు నేను మర్చిపోయాను.
ఆమె మెట్టు మెట్టుకీ లెక్క రాసుకుంది, మనసులో.

పేరు అడిగాను.
రిజిస్టరులో పెద్ద అక్షరాలతో రాశాను:
ఫిర్యాదు చేసినవారు, బాలనర్సమ్మ.
లోడు మీద, పైకి వెళ్లేటప్పుడు, మూడుకీ నాలుగుకీ నడుమ.
ఫ్లాట్ నంబరు గడి ఖాళీగా వదిలేశాను.

సోమవారం సత్యమూర్తి సారు పేజీలు తిప్పుతూ ఆగాడు.
"ఎవరీ బాలనర్సమ్మ? ఏ ఫ్లాటు?"
ఏడు నెలల్లో నన్ను ఆయన అడిగిన మొదటి ప్రశ్న.
గదిలో ఫ్యాను తప్ప ఏదీ కదలడం లేదు.

"మెట్ల మీద ఉంటది సార్," అన్నాను.

ఎవరో నవ్వబోయి ఎందుకో ఆగారు.
ఆయన పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు.
"మెట్ల మీదనా," అన్నాడు.
బ్యాటరీ డబ్బా మీంచి లేచి
నిలబడి ఉన్నానని
అప్పుడే నాకు తెలిసింది.