కత్తెర పెట్టకముందు

నల్లా వాషరు నేనే మార్చిన.
వంటింట్ల అల్మారకు బిజాగిరీలు నేనే బిగించిన,
ఒక తలుపు ఇప్పటికీ కొంచెం వంగి చూస్తది,
చూడనీ.
మూడేండ్ల కింద సున్నం కూడ నేనే వేసిన,
మోచేతి దాక తెల్లగై
గిరాకీల జాకెట్లకు మరకలంటకుండ
రెండు దినాలు చేతులు పైకెత్తి తిరిగిన.

అందుకే ఆ గోడను చూసినప్పుడల్లా
నాకు గోడ కనపడలే.
రెండో మిషను కనపడ్డది,
దాని మీద పడే కిటికీ ఎలుతురు,
కూసొని పీకో చేసే పిల్ల,
"వారాసిగూడల ఇంత పెద్ద షాపా" అనే మాట.
అడ్డమున్నది ఇటుకలే కద, అనుకున్న.

"మేస్త్రిని పిలుద్దం" అన్నడు మా ఇంటాయన
ఆటో అద్దం తుడుచుకుంట.
"నా చేతులకేమైంది?" అన్న.
ఫోన్ల ఎవరో పిలగాడు
పది నిమిషాల్ల గోడ తీసేసిండు,
ఎనక పాట కూడ పెట్టిండు.

ఆదివారం. బాలమణి ఇంట్ల అడుక్కొచ్చిన సుత్తె.
మొదటి దెబ్బకు ప్లాస్టరు రాలింది, నవ్వొచ్చింది.
రెండో దెబ్బకు ఇటుక.
ఏడో దెబ్బకు
గోడ లోపలికెళ్లి ఇసుక కారుడు మొదలైంది,
గోధుమల సంచి చిల్లివడ్డట్టు,
ఆగకుండ, చప్పుడు లేకుండ.
మీద కిరాయికుండే సుగుణక్క అల్లం దంచుతున్నది.
ఆమె దంచే దెబ్బ
సుత్తె పట్టిన నా చేతికి తెలిసింది.

ఆగిన.

రాత్రి, బట్టల మీద గీసే సుద్దతోని
పగులు కొసకు ఒక గీత పెట్టిన.
తెల్లారి చూస్తె పగులు నా గీత దాటి
చిటికెన ఏలంత పోయింది.

అప్పుడు యాదికొచ్చింది మెట్టుగూడ మేడం.
పెండ్లి పట్టు జాకెట్టు, నిండ మగ్గం పని.
"మెడ కొంచెం దించుదమని ఇంట్లనే..." అనుకుంట
సంచిల నుంచి తీసింది.
కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చి నేనన్న మాట:
"కుట్టు తప్పితె నా దగ్గరికి రా తల్లీ, విప్పుత.
కోత తప్పితె దేవుని దగ్గరికి పో."
షాపుల అందరు నవ్విన్రు. ఆమె నవ్వలే.
ఇయ్యాల ఆ నవ్వు తిరిగొచ్చి
ఇసుక లెక్క నా పండ్ల కింద పడ్డది.

నల్లా అంటె కుట్టు.
సున్నం అంటె కుట్టు.
ఇది...

సుద్ద అంటిన చేతులతోనే
చిలకలగూడ అడ్డ మీదికి వోయిన.
"తీసేస్తం అక్కా, ఇయ్యాల్నే తీసేస్తం"
చుట్టు మూగి పది మంది.
ఒక్కడు మాత్రం
"పైన ఎవలుంటరు?" అని అడిగిండు.
ఆయన్నే తోలుకొచ్చిన.

జహంగీర్ మేస్త్రి టేపు తీయలే.
మెట్లెక్కి మీద ఇల్లు చూసొచ్చిండు.
మడిచిన ఏళ్లతో గోడను అక్కడక్కడ కొట్టి
చెవి పెట్టిండు,
బట్టను నేను రెండేళ్ల నడుమ నలిపి చూసినట్టు.
"ఎవరు మొదలువెట్టిన్రమ్మా?"
"నేనే."
"ఊఁ" అన్నడు.
ఆ ఊఁ నాకు తెలుసు, దినాం నేననేదే.

"పైన ఇల్లంత దీని మీద కూసున్నది.
ముందు కింద మోపు పెట్టాలె,
ఇనుప దూలం ఎక్కియ్యాలె, అప్పుడు గోడ.
ఇంజనీరు సారు చూడకుండ
నేను గుడ చెయ్యి వెట్ట."

లెక్క చెప్పిండు.
"అంతా!" అని నోటి దాక వచ్చింది.
నా గుమ్మంల నిలబడి
యాభై తగ్గియ్యమనే మొకాలన్ని
వరుసగ కనపడ్డయి. మింగిన.
ఐదు వేలు మాత్రం తగ్గియ్యమన్న.
మనిషిని గద.

"రంగులు మీరే ఏస్కోండ్రి, దానికి నేనెందుకు" అని లేచిండు.
అప్పుడు చూసిన,
తెల్లంగికి నడిమి గుండీ
నల్ల దారంతోని,
నాలుగు చిల్లులల్ల మూడే పట్టి,
ఎనక ఇంత లావు ముడి.
తన చేతి పనే.

ఏమనలే.
గుండీ ఎవలన్న కుట్టుకోవచ్చు.