గ్లాసు అడుగున చుక్క

మాత్రలు మొదలెట్టిన మూడో రోజు ఏడిస్తే
కన్నీళ్లు నారింజ రంగులో వచ్చాయి.
భయపడకండి, అది మందు రంగే అంది జిలియన్.
మాస్కు పైన ఆమె కళ్లు మాత్రమే నాకు తెలుసు.
తలగడ గలీబు మీద పసుపునీళ్లు చల్లినట్టు మరకలు,
ఏ శుభకార్యమూ లేకుండానే.

జబ్బు పేరు ఆమె రెండు ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పింది,
తేలిగ్గా, బస్సు నంబరు చెప్పినట్టు.
నాకు లోపల తెలుగులో వినిపించింది: క్షయ.
నేను పుట్టిన ఏడాది పేరూ అదే,
అరవైలో ఆఖరిది.
నోటి వెంట అశుభం రాకూడదని
ముందో 'అ' తగిలించి
జాతకం రాయించింది మా నాయనమ్మ.
ఆ ఒక్క అక్షరం ఎక్కడ జారిపోయిందో
మిడిల్స్‌బ్రోలో, ఈ మేడమీది గదిలో,
మంచం కింద కూడా వెతుక్కున్నాను.

ఒక కాగితం ఇచ్చారు.
గడిచిన మూడు నెలల్లో
ఎవరి పక్కన గంటల తరబడి కూర్చున్నానో రాయమన్నారు.
సుధీంద్ర.
కుట్టు దుకాణంలో బొజెనా.
శనివారాలు వచ్చి జిప్పులు మార్చే కుర్రాడు, కైల్.
అక్కడ పెన్ను ఆగిపోయింది.
తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను,
నా ఊపిరి వెళ్లిన దూరం ఇంతేనా?
ముగ్గురికీ ఏమీ అంటలేదని తేలేదాకా
నిద్రలో వాళ్ల దగ్గులు లెక్కపెట్టాను.

రెండు వారాలు తలుపు మూసి, కిటికీ తీసి.
ఫిబ్రవరి గాలి టీస్ నది మీంచి వచ్చి
మంచం చివర కూర్చునేది, లేవమన్నా లేచేది కాదు.
ఎదురింటి పొగగొట్టం మీద సీగల్స్ పోట్లాడుకుంటుంటే
వాటి గొంతు బలానికి అసూయపడ్డాను.
సుధీంద్ర మెట్ల మీద చారన్నం పెట్టి
ఉప్పు సరిపోయిందా అని కింద నుంచి అరిచేవాడు.
సరిపోయింది అనేదాన్ని.
నాలుక మీద అన్నీ ఇనుపరజనే.
నీ మిషనుకి నా శాలువా కప్పానని బొజెనా మెసేజీ పెట్టింది.
తెలిసినవాళ్లందరికీ నిమోనియా అని చెప్పాం.
అబద్ధాన్నీ మాత్రలాగే పరగడుపున మింగాలి.

ఇక ఎవరికీ అంటదు, బయటికి రండి అంది జిలియన్.
కాళ్లు వచ్చాయి. చెయ్యి రాలేదు.
నా స్టీలు గ్లాసు అడుగున
ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టుకున్నాను.
గ్లాసుల వల్ల పాకేది కాదని ఆమె మూడుసార్లు చెప్పింది.
తెలుసు.
తెలియడం తలలో ఉంటుంది,
చుక్క చేతిలో ఉంటుంది.

పదమూడు మెట్లు.
మార్చిలో ఏడో మెట్టు మీద చతికిలబడి
గోడ కాగితం మీది పూలు లెక్కపెట్టేదాన్ని.
ఏప్రిల్లో పోస్టు డబ్బా దాకా.
వేళ్ల చివర్ల చీమలు పాకుతుంటే ఇంకో విటమిను రాశారు.
ఒక మంచి రోజు, వెనకే రెండు చెడ్డవి,
ఒక్కోసారి ఒకే రోజులో మూడూ.

జబ్బులో రెండంగుళాలు లోపలికి పట్టిన లంగా కుట్టు
మే నెలలో విప్పాను.
పాత సూది బెజ్జాలు వరసగా బయటపడ్డాయి.
ఇస్త్రీకి పోవు. ఉండనీ.

నిన్న పొద్దున్న నీళ్లు తాగబోతూ గ్లాసు తిరగేశాను.
చుక్క లేదు.
పక్కదానికీ లేదు.
ఆరు గ్లాసులూ బోర్లించి చూశాను,
ఆరూ ఒకేలా మెరుస్తూ.
ఎప్పుడు చెరిగిందో,
ఎన్నాళ్లుగా ఎవరిది ఎవరు తాగుతున్నామో.
మా ఇంట్లో గిన్నెలు కడిగేది సుధీంద్ర.
అడిగితే, ఏ చుక్క? అన్నాడు
ఫోన్లోంచి తలెత్తకుండా.

అరవై అయ్యాక మళ్లీ మొదటి పేరు వస్తుంది, ప్రభవ అని.
నాకింకా డెబ్బై రోజుల మాత్రలున్నాయి.
బస్సులో దగ్గొస్తే ఇప్పటికీ మోచేతిలో దాచుకుని
తర్వాతి స్టాపులో దిగిపోతాను.
మిగతా దూరం నడుస్తాను.
నడుస్తున్నానని
సగం దారిలో గుర్తొస్తుంది.