బంగారు నాణేల ఏడు

అక్టోబరు చివర్లో వస్తాం మేము,
వేసవివాళ్ళంతా సర్దుకుని వెళ్ళిపోయాక.
బస్సు మమ్మల్ని దింపి
కొండ దిగుతూ రెండుసార్లు హారను కొడుతుంది,
ఊరికి మా సంగతి చెబుతున్నట్టు.

తాళంచెవి ఉంది గానీ తలుపు మాట వినదు.
తేమకి ఉబ్బి, బిగుసుకుని,
అలిగిన చుట్టంలా నిలబడుతుంది.
ఐవింద్ భుజం పెట్టి తోస్తాడు.
నేను నార్వే భాషలో బతిమాలతాను.
చివరికి ఎదురింటి ఎర్సీలియా వచ్చి
కింద మూలన ఒక్క తన్ను తంతుంది.
ఎక్కడ తన్నాలో తెలియడమే
కాపురం ఉండడమంటే.

కాస్తెల్‌రూవోలో మాకు పనేం లేదు,
క్షణం తీరికా లేదు.
మంగళవారం తడి చెత్త, శుక్రవారం గాజు సీసాలు.
తప్పు రోజున తప్పు సంచి పెట్టామా,
మధ్యాహ్నానికల్లా అది తిరిగి మా గుమ్మంలోనే.
ఎవరు పెట్టారో ఎవరూ చెప్పరు.
మేము లేని ఏడు నెలలకీ కలిపి చెత్త పన్ను!
ఐవింద్ ఆ రసీదు పట్టుకుని
ఏటా ఒక పూటంతా గొణుగుతాడు.

ఉబాల్దో ఇనుప సామాన్ల కొట్లో
ఒక మేకు కొనడానికి ముప్పావుగంట.
ఏ గోడకి, ఎంత బరువుకి,
ఆ గోడ కట్టినవాడు ఎవరికి మేనమామ,
అన్నీ తేలాక
"ఆ గోడలో మేకు దిగదు" అని
ఉత్త చేతులతో పంపేస్తాడు.
మర్నాడు పొద్దున్నే
తనే డ్రిల్లు పట్టుకుని వస్తాడు.

కొత్త ఆలివ్ నూనె రొట్టె మీద పోసి
అందరూ ఐవింద్ మొహంలోకి చూస్తారు.
గొంతు మండి అతను దగ్గితే చప్పట్లు.
దగ్గించని నూనె నూనె కాదట.

మా ట్రోండ్‌హైమ్‌లో డిసెంబరు సూర్యుడు
అప్పున్నవాడిలా వీధి చివర తొంగిచూసి
తప్పుకుంటాడు.
ఇక్కడ పదకొండింటికి
చర్చి మూడో మెట్టు దాకా ఎండ దిగుతుంది.
ఆ మెట్టు మీద ముసలివాళ్ళు
కొంచెం జరిగి మాకు చోటిచ్చింది
ఐదో ఏట.
జరిగినట్టు కనపడకుండా జరిగారు.

ఈసారి కింది గది ఊడుస్తుంటే
అల్మరా వెనక నుంచి పేకముక్క వచ్చింది,
బంగారు నాణేల ఏడు.
చూస్తే గోడకి ఎండిన టమాటా గింజ.
బల్ల మీద గ్లాసుల గుండ్రటి మరకలు నాలుగు,
మావి కావు.

ముక్కని తీసుకెళ్ళి బార్‌లో గల్లా దగ్గర పెట్టాను.
కాఫీ యంత్రం తప్ప అంతా ఊపిరి బిగబట్టింది.
నజ్జరేనో లేచాడు. కూర్చున్నాడు.
ఆగస్టు నుంచి అతనికీ ఉబాల్దోకీ మాటల్లేవట.
స్కోపా ఆటలో ఆ ఏడుని
ఉబాల్దో చొక్కాలో దాచాడని
ఊరు రెండుగా చీలిందట.
"ఎక్కడ దొరికింది?"
"మా ఇంట్లో."

ఎర్సీలియా చెవులు ఎర్రబడ్డాయి.
"ఎండాకాలం ఆ గది చల్లగా ఉంటుంది, ఏం చేయమంటావ్?
టమాటా సీసాలు ఎక్కడ పెట్టుకోవాలి?"
అంతటితో ఆగలేదు.
"అయినా ఎనిమిదేళ్ళయింది,
అల్మరాని గోడకి ఆనించాలని తెలీదా నీకు?
ముక్కలు పడిపోవూ?
ఇద్దరు మగాళ్ళు నీ మూలాన
ఎడమొహం పెడమొహం!"

ఇన్నాళ్ళూ ఈ ఊరు నన్ను
చక్కెర వేసినట్టు పలకరించింది.
తిట్లు తినడానికీ పెట్టి పుట్టాలి.
నేను తలవంచుకుని తప్పు ఒప్పుకున్నాను,
లోపల నవ్వాగక.

ఐవింద్ ఈ ఏడు చెత్త పన్ను ఊసెత్తలేదు.

మార్చి ఆఖరున
ఫ్రిజ్ ఆపి, నీళ్ళ వాల్వు బిగించి,
అతను అల్మరాని గోడ దాకా తోశాడు.
మళ్ళీ ఏమనుకున్నాడో
ఇవతలికి లాగి
వేలెడు సందు ఉంచాడు.