తెర పక్క మనిషి

నేను తెర పక్కన నిలబడే మనిషిని.
చేతిలో కాగితాలు,
మొదటి వరసకి కూడా వినపడని గొంతు.
ముప్పై ఏళ్లు మాలకొండయ్యకి మాట అందించింది నేనే,
వాడు మాత్రం ఒక్కటీ తీసుకోలా.

పగలు కందుకూరు పొగాకు వేలంలో
బేళ్ల మధ్య నడుస్తా, ఊపిరి తీసుకోకుండా ధర పలికేవాడు.
రైతు మొహం చూసి ఒక రూపాయి,
కొనేవాడి మొహం చూసి ఒక దగ్గు.
నాలిక అక్కడే పదునెక్కింది.
రాత్రికి అదే నాలికతో
అత్తగారయ్యేవాడు, అమీనా అయ్యేవాడు,
యముడి దగ్గర లెక్కలు తప్పే గుమస్తా అయ్యేవాడు.
సింగరాయకొండలో ఒకసారి
గాడిద వేషగాడికి జరమొస్తే గాడిదా అయ్యాడు.
రాజు నాలుగు పద్యాలు పాడినా
జనం గాడిద వైపే చూశారు.

రాసేది కూడా వాడే.
వేలం చిట్టీల వెనక, బేలు నంబరు కింద, పెన్సిలుతో.
"ఇది రాజుకి, ఇది నాకు" అని మధ్యలో గీత.
రాజు మాటలే బాగుండేవి.
ఆ సంగతి ఎవురూ కనిపెట్టలా.

మద్రాసు పోయొచ్చాడు. రెండు సీన్లు.
ఒకటి కోసేశారు, రెండోదాంట్లో వీపు కనపడింది.
కావలి టాకీసుకి పదకొండుమందిమి పోయి
ఆ వీపుకి ఈలలేశాం.
"వీపు బాగా చేసిందిరా,
ఇంక మొహానికి నేర్పాల" అన్నాడు.

నాటకాలు తగ్గినాక
మండలాఫీసోళ్లు ఆటోకి మైకు కట్టి చేతికిచ్చారు:
పోలియో చుక్కలు, పన్ను బకాయిలు,
తప్పిపోయిన బర్రెగొడ్డు.
అట్నే ఒక కార్తీకంలో, తుఫాను.

రామాయపట్నం అవతల పట్టపుపాలెం.
"ఇళ్లు ఖాళీ చెయ్యండి" అని అరిచాడు.
జనం బయటికొచ్చారు, నవ్వతా.
మళ్లీ అరిచాడు. ఇంకా నవ్వారు.
"ఇంకోసారను, ఇంకోసారను" అనింది
చంకలో బిడ్డతో ఒకామె.
వాడి మొహం నేను చూశాను.
ముప్పై ఏళ్ల సంపాదన
ఒక్క నిమిషంలో ఎదురుతిరిగింది.

మైకు ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చి
అత్తగారి గొంతు తీశాడు:
"కోడలు పిల్లా, నా ట్రంకుపెట్టె ఎత్తుకో!
గాలిదేవుడు చుట్టపుచూపుకొస్తన్నాడు,
ఇంట్లో ఉంటే కూరొండాల!"
నవ్వతానే కదిలారు.
ముందు ఆటో, ఎనక వలలు, కోళ్లు, ముసలాళ్లు.
కిలోమీటరున్నర ఇసకలో
మాట ఆపితే ఎక్కడ ఎనక్కి తిరుగుతారోనని
షెల్టరు దాకా ఆపలా.

రాత్రంతా రంగు లేకుండా అన్ని వేషాలూ వేశాడు.
బయట ఎవురి కప్పో లేచిపోయిన చప్పుడైనప్పుడల్లా
లోపల గాడిద గట్టిగా ఓండ్రపెట్టేది.

ఎప్పుడో ఆగాడు.
నా వైపు తిరిగి, పెదాలు కదిలీ కదలకుండా
"తర్వాతేందిరా?" అన్నాడు.
మొదటిసారి అడిగాడు.
నా చేతిలో కాగితం లేదు.
కిటికీ సందులోకి చూసి
"తెల్లారింది" అన్నాను.

వాడు దాన్ని తీసుకున్నాడు.
అందరికీ వినపడేటట్టు, గట్టిగా:
"తెల్లారింది!"
ఎవురూ నవ్వలా.

మైకు బాడుగ నాలుగొందలు
మండలాఫీసు ఇంకా ఇయ్యలా.