ముగ్గురాయి

మంగంపేటలో గంప ఎత్తినోళ్ళకు తెలుసు
ఈ రాయి కంటికి చిన్నది, మెడకు పెద్దది.

మిల్లులో పొడి కొడతాంటే
సుంకులమ్మ రెప్పవెంట్రుకలు నెరుస్తాయి.
రాత్రి కొంగు దులిపితే రాలిందే
తెల్లారి వాకిట్లో ముగ్గు.

"యాడికి పోతాయి నాయనా ఇన్ని మూటలు?"

లారీ మస్తాను బీడీ ఆర్పి చెప్పినాడు:
"సముద్రమొడ్డున అణుకొలిమి ఉందంట.
చుట్టూ బారెడు మందం గోడంట.
ఆ గోడలో నీ పొడి.
పొగ రాని మంట అది,
ఇనుప తలుపునైనా తట్టకుండా దూరే మంట.
బరువుకు తప్ప దేనికీ లొంగదంట."

సుంకులమ్మ మెడ తడుముకుంది,
ఇరవయ్యేండ్లుగా కాయ కాసినచోట.

మర్నాడు గడప ముందు
ఒకటే గీత,
వేలంత మందాన, రెండుసార్లు పోసింది.

దగ్గు మాత్రం
దాన్ని తొక్కుకుంటూ ఇంట్లోకొచ్చింది.