నెత్తికి రెండు సీసాలు

నల్లకోటు మీద తెల్లగ ఏం రాలినా
ఊరంతటికీ కనపడ్తది.
కాజీపేట జంక్షన్ల ఇరవై రెండేండ్ల నౌకరి.
టికెట్ లేక జేబులు తడుముకునేటోడు గూడ
ముందుగాల నా భుజాలే చూస్తడు.
ఒకడైతే జరిమానా కట్టి, రసీదు మడుచుకుంట
"ఈ బండి కాశ్మీర్ పోతదా మేడం?" అన్నడు.
జమ్మికుంట ఇంక రానే లేదు.
బోగీ బోగీయే నవ్వింది.

నిమ్మకాయ పిండిన. పుల్లపెరుగు రుద్దిన.
మెంతులు నూరి పెట్టుకుంటే
రైల్వే క్వార్టర్ వారం దాక పచ్చడి వాసన.
సుండు మాత్రం
పర్మనెంటు ఉద్యోగి లెక్క కదల్లేదు.

అఫ్రీన్ నవ్వలేదు.
పెద్దపల్లిల ఎక్కే సీజన్ టికెట్ పిల్ల,
కేయూల ఫార్మసీ చదువుతది.
నా భుజం చూసి, "ఎన్నేండ్ల సంది?" అనడిగింది,
డాక్టర్ అడిగినట్టు గాదు,
దారి అడిగినట్టు.

మల్ల ఐతారం రెండు సీసాలు తెచ్చింది.
ఒకదాని మెడకు ఎర్రదారం, ఒకదానికి నల్లదారం.
"ఎడమ దిక్కు ఎర్రది, కుడి దిక్కు నల్లది.
రాత్రి పది పది చుక్కలు.
కడుగొద్దు, తుడువొద్దు,
తెల్లారిందాక అట్లనే ఉండనియ్యాలె.
ఒకదాంట్ల మందున్నది, ఒకదాంట్ల లేదు.
ఏది ఏదో నాకు గూడ తెల్వదు.
మా సారు రాసి కవర్ల పెట్టి అంటించిండు."

కాయితం మీద సంతకం పెట్టిన.
ఇన్నేండ్లు జనంతోని పెట్టిచ్చుడే గని
నేను పెట్టుడు గదే మొదలు.

ఐతారం ఐతారం ఆడోళ్ల వెయిటింగ్ రూంల
ఒళ్లె నల్ల మఖ్మల్ గుడ్డ పరుస్తది.
ఎడమకు పది దువ్వెన్లు, కుడికి పది.
సూదిమొనతోని ఒక్కొక్క పొట్టు జరుపుకుంట
పెదవులతోని లెక్క పెడ్తది.
ఎడమ నలభై ఒకటి. కుడి ముప్పై ఎనిమిది.
నా సిగ్గుకు అంకెలు పడ్డయి.
ఎందుకో గని, కొంచెం తేలికయింది.

పాపిట సరిహద్దయింది.
మెత్త మీద ఎల్లెలకల పండుడు నేర్చుకున్న,
ఇటుది అటు పోవద్దని.
ఎడమ దిక్కు గోకుడు తగ్గింది.
ఎర్రదే మందని డ్యూటీ రూంల అందరికి చెప్పిన.
పార్సిల్ ఆఫీసు మొగిలయ్య నల్లదాని మీద
రెండు చాయలు పందెం కాసిండు.

మూడో ఐతారం
ఎడమ ఆరు.
కుడి ఏడు.

నేను నవ్విన. అఫ్రీన్ మొఖం వాడిపోయింది.
"రెండు దిక్కులా తగ్గితే ఎట్ల మేడం?"
జరసేపు దువ్వెన దిక్కే చూసి అడిగింది:
"ఎడమకు రాసినంక, కుడికి రాసే ముందట
చేతులు కడుక్కున్నవా?"

కాగజ్‌నగర్ రెస్టు రూం. అద్దుమరాత్రి.
నల్లా తిప్పితే గాలి సప్పుడు.
గవే వేళ్లు, గదే తడి.

చెప్పిన.
చెప్పకుంటే ఎవరికి తెలుస్తది?
టికెట్ ఉన్నదన్న అబద్ధం
ఎన్ని తీర్ల ఉంటదో నాకెర్క,
గందుకే చెప్పిన.
నోటుబుక్కు చివరి గడిల రాసింది:
వేళ్లు కడగలేదు.
"నిన్ను లెక్కల్నుంచి తీసేస్తరేమో" అన్నది మెల్లగ.

అంటే, మందు ఎడమల ఎక్కి
కుడిల దిగిందన్నట్టు.
నా కుడి సగం మూడు వారాలు
టికెట్ లేకుంట ప్రయాణం చేసింది.
ఎవరికి రాయాలె జరిమానా?

లేకుంటే మందే కాదేమో.
శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోయింది,
దాని ఎంబడే సుండు గూడ పోయిందేమో.
కవరు ఇంక తెరవలేదు.
మొగిలయ్య చాయల కోసం అడుగుతనే ఉన్నడు.

సీసాలల్ల అడుగున కొంచెం మిగిలింది.
పారబొయ్య బుద్ధి కాలేదు.
ఇయ్యాల రామగుండంల ఒక పిలగాడు
టికెట్ చూపెట్టుకుంట నా భుజం దిక్కు చూసిండు.
అలవాటుకు దులుపుకున్న.
వాడు చూసింది నా వెనక కిటికీల
కరెంటు ప్లాంటు పొగగొట్టాలను.