పల్చటి కాగితం

"ఇది నేను కాదు" అంది లామరా
ఫొటోను బల్లమీద బోర్లా పెట్టి.

కుతాయిసిలో చెప్పులు కుట్టే కొట్టు అద్దెకు తీసుకుని
స్టూడియో అని బోర్డు రాయించి
అప్పటికి నలభై రోజులు.
గోడల్లో ఇంకా జిగురు వాసన.
ఆమె నా ఏడో గిరాకీ.
మొదటి ఆరుగురిలో నలుగురు చుట్టాలు.

గొంతులో పచ్చి వెలక్కాయ.
కళ్లజోడు తుడుచుకున్నాను, శుభ్రంగా ఉన్నదాన్నే.
వెలుతురు గురించి చెప్పాను,
ఉత్తరపు కిటికీ గురించి, మెత్తటి నీడ గురించి,
లెన్సుకు ఇంకా కట్టాల్సిన వాయిదాలు తప్ప
అన్నీ చెప్పాను.

వింది.
ముప్పై ఏళ్లుగా మట్టి పొయ్యిలోకి నడుందాకా వంగి
కాలే గోడకు రొట్టెలు అతికిస్తున్న మనిషి
ఆ సెగను ఓర్చుకున్నట్టే నా మాటల్నీ ఓర్చుకుంది.
"డబ్బులు వెనక్కిస్తావా?" అంది చివరికి.

ఆ డబ్బులు కరెంటాఫీసుకు పోయి రెండు రోజులైంది.

మొహం మీది, నాది కెమెరా మాత్రమే,
అనే మాట పళ్లదాకా వచ్చింది.
మింగాను.
కొట్టు తాళాలు ఇస్తూ ముసలి వాలికో అన్నది గుర్తొచ్చింది:
చెప్పు కరుస్తోందని వచ్చినవాడితో
తోలు మంచిదని వాదించకు,
ఎక్కడ కరుస్తోందో అడుగు.

"ఎక్కడ కరుస్తోంది?"
అచ్చం ఆ మాటే అడిగేశాను.

ఆమె ఫొటో తిరగేసింది.
కాలిన మచ్చల చేయి
పాపిట మీద ఆగింది, కింది పెదవి వంపు మీద,
కాస్త ఎత్తుగా ఉన్న ఒక కనుబొమ మీద.
"ఇది జుజునా.
నా చెల్లెలు.
దాని మొహం చూసి పదకొండేళ్లు.
ఇప్పుడు డబ్బులిచ్చి మరీ ఇంటికి తీసుకెళ్లనా?"
ఎందుకని అడగలేదు నేను.
హేజెల్ కాయల తోట, అని ఒక ముక్క తనే అని
అక్కడే ఆగిపోయింది.

అప్పుడు తట్టింది నాకు.
మనిషి తన మొహం చూసుకునేది అద్దంలోనే కదా.
అరవై ఏళ్లుగా కుడివైపు అనుకున్న పాపిటను
నేను ఎడమకు పెట్టి చేతికిచ్చాను.

కంప్యూటర్లో ఒక్క మీట.
పాపిట దాటింది, కనుబొమ దాటింది,
గుండె మీది వెండి పిన్నుకూడా
ఆ పక్కనుంచి ఈ పక్కకు వచ్చేసింది.
ఆమె తెర మీదకు వంగింది, పొయ్యిలోకి వంగినట్టు.
"ఆఁ, వచ్చాను" అంది,
ఎవరో తలుపు కొట్టి పిలిస్తే పలికినట్టు.

అక్కడితో ఊరుకోవచ్చు.
గిరాకీ నవ్వింది, డబ్బుల సంగతి మరిచింది.
నాకే ఊరుకోబుద్ధి కాలేదు.
"లామరాగారూ, నిజానికి మొదటిదే మీరు.
ఎదురుగా నిలబడ్డవాళ్లకు కనిపించేది అదే మొహం."

"రొట్టెలకు వచ్చేవాళ్లకా?"
"వాళ్లకే."
"రోజూ?"
"రోజూ."

వీధిలో వ్యాను ఆగి జనాన్ని దింపి వెళ్లిపోయింది.
ఆమె మాట్లాడలేదు.
నేను రసీదు పుస్తకం సర్దాను, మళ్లీ సర్దాను,
"మొదటిది చించేస్తాను" అన్నాను.
"చించడమెందుకు" అంది, "డబ్బులిచ్చింది దానికే కదా.
రెండోదెంత?"
వద్దన్నాను.
వినలేదు, చిల్లర లెక్కపెట్టి బల్లమీద పెట్టింది,
నాణేల అంచుల్లో పిండి.

రెండు ఫొటోలనూ ఎదురెదురు మొహాలుగా కవరులో పెట్టాను,
గీతలు పడకుండా మధ్యలో పల్చటి కాగితం.
గుమ్మం దాకా వెళ్లి ఆగింది.
కవరు తెరిచి
ఆ కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి
నా చేతికిచ్చింది.

"అంటుకుపోతాయండీ" అన్నాను.

"చూద్దాం" అంది.